మడమ వెనుక చిన్న గాటు: వంకర పాదాల చికిత్స ఎక్కడ గెలుస్తోంది, ఎక్కడ జారిపోతోంది

క్లుప్తంగా: ప్రతి వెయ్యి మంది శిశువుల్లో దాదాపు ఒకరు వంకర పాదాలతో పుడుతున్నారు. ఒకప్పుడు పాదాన్ని వెడల్పుగా కోసి సరిచేసేవారు. ఇప్పుడు వారం వారం మార్చే పిండికట్లు, చివర్లో మడమ వెనుక కొన్ని మిల్లీమీటర్ల గాటు చాలావరకు సరిపోతున్నాయి. ఆ తర్వాత నాలుగైదేళ్లపాటు తొడగాల్సిన బూట్ల దగ్గరే చికిత్స ఎక్కువగా దెబ్బతింటోంది.

కాన్పు గదిలోంచి బిడ్డను తెచ్చి చూపించినప్పుడు అందరి కళ్లూ ముందు ముఖం మీదే ఉంటాయి. పొత్తిళ్లు విప్పాకే పాదాలు కనిపిస్తాయి. మడమ పైకి ఎక్కి, వేళ్లు కిందికి దిగి, రెండు అరికాళ్లూ ఒకదాన్నొకటి చూసుకుంటున్నట్టు లోపలికి తిరిగి ఉంటాయి. తెలుగు ఇళ్లలో ఆ క్షణాన వచ్చే మొదటి మాట గ్రహణం గురించే. గ్రహణ వేళ కాళ్లూ చేతులూ ముడవకుండా పడుకోవాలన్న కట్టడిని తల్లి పాటించలేదేమోనన్న అనుమానం, ఆ వెంటే నింద. ఈ నిందకు ఆధారం ఏమీ లేదు. తల్లి కూర్చున్న తీరుకూ, తిన్న తిండికీ, చూసిన చంద్రుడికీ ఈ వంకరతో సంబంధం లేదు. ఇది గర్భంలో పాదం ఎదిగే దశలోనే మొదలయ్యే లోపం. జన్యువుల పాత్ర ఉన్నట్టు ఆధారాలున్నాయి. మగపిల్లల్లో ఆడపిల్లల కంటే దాదాపు రెట్టింపు కనిపిస్తుంది. సుమారు సగం మందిలో రెండు పాదాలకూ ఉంటుంది.

నింద సద్దుమణిగాక రెండో తికమక మొదలవుతుంది. ఒక వైద్యుడు పిండికట్లు చాలంటారు. మరొకరు ఏడాది నిండాక ఆపరేషన్ అంటారు. ఇంట్లో పెద్దవాళ్లు నూనె రాసి రోజూ సాగదీస్తే అదే సర్దుకుంటుందంటారు. వీటికి తోడు ‘చిన్న కోతతో పాదాల సవరణ’ అన్న ప్రకటనలు. ఇంతకీ ఇది ఆపరేషనా, కాదా? ఆపరేషన్ ఉంది, అయితే అది కొన్ని నిమిషాల పని. మిగతాదంతా చేతులతో, కట్లతో, బూట్లతో సాగే ఏళ్ల పని. ఆ రెండింటి మధ్య లెక్క తెలిస్తే తికమక చాలావరకు తీరుతుంది.

పాదంలో ఏం తిరగబడింది

వైద్యులు క్లబ్‌ఫుట్ అనే ఈ స్థితిలో నాలుగు వంకరలు కలిసి ఉంటాయి. అరికాలి గుంట మరీ లోతుగా ఉండటం ఒకటి. పాదం ముందు భాగం లోపలికి తిరగడం రెండోది. మడమ లోపలికి ఒరగడం మూడోది. మడమ పైకి లాగేసి ఉండటం నాలుగోది. పైకి నాలుగుగా కనిపించినా వీటి కేంద్రం ఒక్కటే. చీలమండలో టాలస్ అనే ఎముక ఉంటుంది. దాని చుట్టూ మిగతా పాదమంతా ఒక ముక్కలా లోపలికి తిరిగిపోతుంది. పిక్క కండరం కురచై, మడమ వెనుక స్నాయుబంధనం (కండరాన్ని ఎముకకు కట్టే తాడు) బిగుసుకుని, లోపలివైపు ఎముకలను కలిపి ఉంచే సంధి బంధనాలు మందంగా తయారై, ఆ తిరుగుడును పట్టి ఉంచుతాయి.

ఇక్కడ ఒక తేడా చెప్పుకోవాలి. గర్భంలో చోటు ఇరుకై పాదం వంగినట్టున్న పిల్లలు కూడా పుడతారు. ఆ పాదాన్ని వేలితో మెల్లగా నెడితే సులువుగా మామూలు స్థితికి వస్తుంది. అది కొద్ది వారాల్లో దానంతటదే సర్దుకునే వంపు. నూనె మర్దనతో నయమైందని చెప్పుకొనే పాదాల్లో చాలావరకు ఇవే అయి ఉండాలి. అసలు క్లబ్‌ఫుట్ నెడితే రాదు, బిగుసుకుని ఉంటుంది. దాన్ని మర్దనకు వదిలేసిన ప్రతి నెలా నష్టమే.

కోతలు పెరిగిన కాలం

చేత్తో సర్దడమూ, చిన్న గాటూ కొత్త ఆవిష్కరణలు కావు. క్రీస్తుపూర్వం 400 ప్రాంతంలోనే హిప్పోక్రటీస్ సంప్రదాయపు గ్రీకు వైద్యులు శిశువుల పాదాలను చేత్తో మెల్లగా సర్ది, పట్టీలు చుట్టేవారు. 1831లో జర్మనీలోని హానోవర్‌కు చెందిన స్ట్రోమయర్ చర్మానికి చిన్న రంధ్రం మాత్రమే చేసి, లోపల మడమ స్నాయుబంధనాన్ని తెంపే పద్ధతి మొదలుపెట్టాడు. మత్తుమందు లేదు, క్రిమిరహిత శస్త్రచికిత్స అన్న ఊహే లేదు. గాయం ఎంత చిన్నదైతే చీము పట్టే ముప్పు అంత తక్కువ. అంటే ఆనాడు గాటు చిన్నదిగా ఉండటానికి కారణం ప్రాణభయం. చిన్నప్పుడు పోలియోతో పాదం వంకరపోయిన విలియం లిటిల్ అనే ఆంగ్లేయ వైద్యుడు 1836లో స్ట్రోమయర్ చేతనే ఆపరేషన్ చేయించుకుని, లండన్‌కు తిరిగి వెళ్లి అదే పద్ధతిని ప్రచారం చేశాడు.

మత్తుమందు, క్రిమిసంహారకాలు వచ్చాక పెద్ద కోతలు సాధ్యమయ్యాయి. సాధ్యమయ్యాయి కాబట్టే పెరిగాయి. 1970ల నుంచి 1990ల దాకా ప్రపంచంలో చాలాచోట్ల పాదం లోపలివైపు, వెనుకవైపు పొడవుగా కోసి, బిగుసుకున్న కీళ్లను, బంధనాలను ఒక్కొక్కటిగా విప్పి, ఎముకలను సరైన వరుసలో పెట్టి తీగలు గుచ్చడమే ప్రామాణిక చికిత్స. ఆపరేషన్ బల్ల మీద ఆ పాదం చక్కగా కనిపించేది. ఎక్స్‌రే కూడా బాగుండేది. ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యాక అసలు చిత్రం బయటపడింది. కోసిన ప్రతిచోటా ఏర్పడిన మచ్చ కణజాలం పాదాన్ని బిగించేసింది. చాలామందిలో కీళ్లు అరిగాయి, నొప్పి మిగిలింది, మళ్లీ మళ్లీ ఆపరేషన్లు కావలసి వచ్చాయి. పాదం నిటారుగా ఉంది కానీ వంగదు. నడకకు ఆకారం ఒక్కటే చాలదు, కదలిక కావాలి. ఈ విషయం అర్థం కావడానికి ఒక తరం పట్టింది.

అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో ఇగ్నాసియో పొన్సెటి అనే వైద్యుడు దీన్ని చాలా ముందే గమనించాడు. 1914లో స్పెయిన్‌లోని మెనోర్కా ద్వీపంలో, గడియారాలు బాగుచేసే తండ్రికి పుట్టాడాయన. అంతర్యుద్ధంలో ఓడిన పక్షాన గాయపడినవారికి చికిత్స చేసి, దేశం విడిచి, మెక్సికో మీదుగా 1941లో అమెరికా చేరాడు. అయోవాలో అప్పటికే ఆపరేషన్ అయిన పాదాలను పరిశీలించి, అవి బిగుసుకుపోవడం చూసి, 1940ల చివర్లో కట్లతో సరిచేసే తన పద్ధతిని రూపొందించుకున్నాడు. 1963లో ఫలితాలు ప్రచురిస్తే పట్టించుకున్నవారు తక్కువ. 1995లో ఆయన పాత రోగులను సగటున 34 ఏళ్ల వయసులో పరీక్షించిన అధ్యయనం వచ్చింది. వారిలో 78 శాతం మంది పాదాలు బాగా లేదా చాలా బాగా పనిచేస్తున్నాయి. పుట్టుకతో ఏ లోపమూ లేని, అదే వయసువారిలో ఆ సంఖ్య 85 శాతం. ఏడు శాతమే తేడా. ఆ తర్వాత కూడా పద్ధతి వ్యాపించడానికి వైద్య సదస్సుల కంటే తల్లిదండ్రులే ఎక్కువ కారణం. 1990ల చివర్లో ఇంటర్నెట్‌లో ఒకరికొకరు చెప్పుకుని, పెద్ద ఆపరేషన్ వద్దని వైద్యులను అడగడం మొదలుపెట్టింది వాళ్లే.

వారం వారం కట్టు

ఈ పద్ధతిలో సవరణ అంతా ఒక ఆధారబిందువు మీద నడుస్తుంది. వైద్యుడి బొటనవేలు పాదం బయటివైపు పైభాగంలో ఉబ్బెత్తుగా తగిలే టాలస్ తల మీద ఆనుతుంది. రెండో చేయి పాదం ముందు భాగాన్ని మెల్లగా బయటికి తిప్పుతుంది. మడమను ముట్టుకోకూడదు. పాదం ముందు భాగం బయటికి తిరుగుతుంటే, దానితో కీళ్ల ద్వారా ముడిపడి ఉన్న మడమ ఎముక కూడా టాలస్ కిందనుంచి తనంతట తానే బయటికి జరుగుతుంది. మడమను పట్టి ఆపితే ఆ కదలిక ఆగిపోతుంది. పొన్సెటికి ముందు అమెరికాలో పేరుపొందిన కైట్ పద్ధతిలో వేలు ఆన్చింది టాలస్ మీద కాదు, ఇంకొంచెం ముందున్న కీలు మీద. అంగుళం కూడా లేని ఆ తేడా వల్ల మడమ ఇరుక్కుపోయేది, కట్లు నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాటి సాగేవి. విసిగిపోయిన వైద్యులు కత్తి పట్టుకోవడానికి ఇదీ ఒక కారణం.

మొదటి కట్టు తర్వాత చాలా కుటుంబాలు బెదిరిపోతాయి, ఎందుకంటే పాదం ఇంకా ఎక్కువ తిరిగినట్టు కనిపిస్తుంది. అరికాలి గుంటను సరిచేయాలంటే బొటనవేలి వరుసను పైకి ఎత్తి, పాదం ముందు భాగాన్ని మడమతో ఒకే వరుసలోకి తేవాలి. అందుకు ఆ మొదటి వారం అరికాలు పైకి తిరిగి ఉండాల్సిందే. రెండో కట్టు నుంచి పాదం బయటికి తిరగడం మొదలవుతుంది.

శిశువు బంధనాల్లోని కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులు అలల్లా ముడతలతో ఉంటాయి. మెల్లగా లాగితే ఆ ముడతలు విప్పుకుని బంధనం కొంచెం సాగుతుంది. ఐదారు రోజులు అదే స్థితిలో ఉంచితే, సాగిన పొడవులోనే మళ్లీ ముడతలు ఏర్పడి, ఇంకొంచెం సాగడానికి సిద్ధమవుతుంది. కట్టు వారానికోసారి మార్చడానికి కారణం ఇదే. బలంగా ఒక్కసారిగా లాగితే బంధనం సాగదు, మెత్తని ఎముకలు నలిగిపోతాయి. కట్టు వేళ్ల నుంచి తొడ పైభాగం దాకా, మోకాలు లంబకోణంలో వంచి వేస్తారు. మోకాలి కిందనే ఆపితే కట్టు లోపల కాలు తిరిగిపోతుంది, సాధించిన సవరణ నిలవదు.

చాలా పాదాలకు నాలుగు నుంచి ఆరు కట్లు చాలు. ఇంట్లో చూడాల్సింది కాలివేళ్లను. వేళ్లు బయటికి కనిపిస్తూ, గులాబీ రంగులో, వెచ్చగా ఉండాలి. నొక్కి వదిలితే రంగు వెంటనే తిరిగి రావాలి. వేళ్లు కట్టు లోపలికి జారిపోయాయంటే కట్టు జారిందని అర్థం. అప్పుడు వారం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. కట్టును ముందురోజు రాత్రే నానబెట్టి విప్పేయడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. మర్నాటి దాకా పాదం ఖాళీగా ఉంటే వారం సంపాదనలో కొంత పోతుంది. బిడ్డకు లాల పోయడానికి వీలు కాదన్న బాధ నిజమే. తడిగుడ్డతో ఒళ్లు తుడవడమే ఆ వారాల్లో దారి.

ఆ గాటు

కట్లతో మూడు వంకరలు పోతాయి. నాలుగోది, మడమ పైకి లాగేసి ఉండటం, చాలామందిలో మిగులుతుంది. మడమ స్నాయుబంధనంలోని పోగులు మిగతా బంధనాల్లా సాగవు. అవి గట్టిగా, దట్టంగా ఉంటాయి. సాగదీయాలని పట్టుబడితే మడమ దిగదు, పాదం మధ్యలో విరిగినట్టు వంగి అరికాలు పడవ అడుగులా ఉబ్బుతుంది. కాబట్టి పదిమందిలో తొమ్మిది మందికి ఇక్కడ గాటు కావాలి.

ఎప్పుడు పెట్టాలన్నదానికి కెనడా వైద్యుడు షఫీక్ పిరానీ రూపొందించిన మార్కుల పట్టిక ఉపయోగపడుతుంది. పాదం మీద ఆరు గుర్తులు చూసి, ఒక్కోదానికి సున్నా, అర, ఒకటి వేస్తారు. ఆరు మార్కులంటే తీవ్రమైన వంకర. పాదం మధ్యభాగం మార్కులు తగ్గి, టాలస్ తల లోపలికి సర్దుకుని, పాదం బయటికి 60-70 డిగ్రీలు తిరుగుతూ, మడమ మాత్రం దిగకపోతే సమయం వచ్చినట్టు.

చాలాచోట్ల ఆ చోట మాత్రమే తిమ్మిరెక్కించి ఈ పని చేస్తారు. సహాయకుడు పాదాన్ని పైకి వంచి పట్టుకుంటాడు. మడమ ఎముకకు సుమారు ఒకటిన్నర సెంటీమీటర్ల పైన, బిగిసిన తాడులా వేలికి తగిలే స్నాయుబంధనం పక్కన, లోపలివైపు నుంచి సన్నని కత్తి దిగుతుంది. రక్తనాళాలు ఆ పక్కనే ఉంటాయి, వైద్యుడి నేర్పంతా వాటిని తప్పించడంలోనే. బంధనం పూర్తిగా తెగిన క్షణాన చేతికి చిన్న జర్కు తెలుస్తుంది, పాదం ఒక్కసారిగా మరో 15-20 డిగ్రీలు పైకి వస్తుంది. కుట్లు అక్కర్లేదు. దూది అద్ది, చివరి కట్టు మూడు వారాలకు వేస్తారు.

‘నరం కోస్తారట’ అన్న మాట ఇంట్లో పుట్టించే భయం ఇంతా అంతా కాదు. వాడుకలో నరం అంటే రక్తనాళం, నాడి, స్నాయుబంధనం మూడూ అవుతాయి. ఇక్కడ తెంపేది కండరాన్ని ఎముకకు కట్టే తాడును మాత్రమే, స్పర్శ తెచ్చే నాడిని కాదు. తెగిన రెండు కొసల మధ్య మూడు వారాల్లో కొత్త కణజాలం అల్లుకుంటుంది. బంధనం మునుపటికంటే పొడవుగా అతుక్కుంటుంది. శిశువు శరీరానికున్న ఆ శక్తి మీద ఆధారపడ్డ చికిత్స ఇది, అందుకే తొలి నెలలు అంత విలువైనవి.

ఈ క్రమం పాటించిన అయోవా బృందం 2004లో ప్రచురించిన ఫలితాల్లో 98 శాతం మంది పిల్లల పాదాలు సరయ్యాయి. పెద్ద ఆపరేషన్ దాకా వెళ్లినవారు 2.5 శాతం.

‘చిన్న కోత’ అన్న ముద్ర

పెద్దల్లో కాలి బొటనవేలు పక్కవేళ్ల వైపు ఒరిగి, దాని మొదట్లో ఎముక ఉబికే వంకరకు కూడా ఇప్పుడు చిన్న కోత ఆపరేషన్లు జరుగుతున్నాయి. కొన్ని మిల్లీమీటర్ల రంధ్రాల్లోంచి, నెమ్మదిగా తిరిగే సన్నని కోత పనిముట్టును పంపి, ఎక్స్‌రే తెర మీద చూస్తూ ఎముకను కోసి, జరిపి, మరలు బిగిస్తారు. మచ్చ చిన్నది, మొదటి రోజుల్లో నొప్పి సాధారణంగా తక్కువ. కొంతకాలం గడిచాక ఫలితాలు పాత పద్ధతికి దాదాపు సమానం. పనిముట్టు వేడికి ఎముక మాడకుండా సెలైన్‌తో చల్లబరచాలి. కంటికి కనిపించని చోట కోయడంలో వైద్యుడి అనుభవమే ప్రధానం. అక్కడ చిన్నబడింది చర్మం మీది ద్వారం మాత్రమే. ఎముక కోత కోతే. శిశువు పాదంలో అలా కాదు, లోపలి పనే చిన్నది. ప్రకటనలో రెండింటికీ ఒకే పేరు ఉన్నా, ఒకదాని ఫలితాలను రెండోదానికి అప్పగించకూడదు.

నడక వచ్చాక, ఒక్కోసారి బడి ఈడులో వచ్చే పాదాల సంగతి వేరు. ఈ పిల్లలకు కూడా మొదట కట్లే ప్రయత్నిస్తున్నారు, కాకపోతే కట్ల సంఖ్య ఎక్కువవుతుంది. మరీ బిగిసిపోయినవాటికి ముంబయి వైద్యుడు బి. బి. జోషి రూపొందించిన జెస్ చట్రం భారతదేశంలో పుట్టిన జవాబు. సన్నని తీగలు చర్మంలోంచి ఎముకల్లోకి గుచ్చి, బయట తేలికపాటి కడ్డీలకు కలిపి, మరలను రోజూ కొద్దికొద్దిగా తిప్పుతారు. కురచైన లోపలివైపును వేగంగా, బయటివైపును నెమ్మదిగా సాగదీస్తే పాదం తిరుగుతుంది. ఇక్కడా కత్తి పని తక్కువే. కానీ తీగల మొదళ్లలో చీము చేరకుండా రోజూ శుభ్రం చేసుకోవాలి, నెలల తరబడి చట్రంతో బతకాలి. తొలి నెలల్లో ఆరు కట్లతో పోయేదానికి చెల్లించే ధర అది.

రాత్రి బూట్ల దగ్గర

చివరి కట్టు విప్పిన రోజు పాదం చూసి ఇంట్లో పండుగ అవుతుంది. ప్రమాదం మొదలయ్యేది కూడా ఆ రోజే. పాదాన్ని లోపలికి లాగిన ప్రక్రియ ఇంకా చల్లారలేదు. తొలి నాలుగైదేళ్లలో అది మళ్లీ లాగుతుంది. అందుకే భుజాల వెడల్పున్న కడ్డీకి రెండు చివర్లా బిగించిన బూట్లు తొడుగుతారు. వంకర ఉన్న పాదం 60-70 డిగ్రీలు బయటికి, మంచి పాదం 30-40 డిగ్రీలు. మొదటి మూడు నెలలు రోజుకు 23 గంటలు. ఆ తర్వాత రాత్రి, పగటి నిద్ర కలిపి 12-14 గంటలు, నాలుగైదేళ్ల వయసు దాకా.

2004 నాటి అదే అయోవా లెక్కల్లో బూట్లు సరిగా తొడగని పిల్లల్లో వంకర తిరగబెట్టే అవకాశం, తొడిగినవారి కంటే 17 రెట్లు ఎక్కువ. చికిత్స మొదలైన వయసెంతన్నదీ, ఎన్ని కట్లు పడ్డాయన్నదీ అంతగా లెక్కకు రాలేదు. తిరగబెడితే మళ్లీ కట్లు, కొందరికి మళ్లీ గాటు, రెండున్నరేళ్లు దాటాక పాదం ముందున్న ఒక స్నాయుబంధనాన్ని బయటివైపుకు మార్చే ఆపరేషన్ అవసరమవుతాయి.

తొడగకపోవడాన్ని తల్లి నిర్లక్ష్యమని కొట్టేయడం తేలిక. తెలుగు ఇళ్ల తీరు చూస్తే వేరే కారణాలు కనిపిస్తాయి. తొలి కాన్పు పుట్టింట్లో. కట్లు పడేదీ, గాటు పెట్టేదీ ఆ ఊరికి దగ్గరున్న ఆసుపత్రిలో. అంతా అయ్యేసరికి మూడో నెలో ఐదో నెలో వస్తుంది. సరిగ్గా అప్పుడే బిడ్డతో అత్తవారింటికి ప్రయాణం. కట్లు చూడని, వైద్యుడి మాట వినని కొత్త ఇంట్లోకి ఇనుప కడ్డీతో బిడ్డ అడుగుపెడుతుంది. పాదం చూస్తే చక్కగా ఉంది. బిడ్డ ఏడుస్తోంది. చీర ఉయ్యాలలో కడ్డీ ఇమడదు. ‘బాగైన కాలికి బేడీలెందుకు’ అని నాయనమ్మ అడిగితే తల్లి దగ్గర జవాబు ఉండదు, ఆ జవాబు చెప్పాల్సిన ఆసుపత్రి వేరే జిల్లాలో ఉంది.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వెతకాల్సిన పుట్టుక లోపాల జాబితాలో వంకర పాదాలున్నాయి. పిల్లలను గుర్తించి, జిల్లా సత్వర చికిత్స కేంద్రాల ద్వారా ఉచిత వైద్యానికి పంపడం దాని పని. గర్భంలో ఐదో నెల ప్రాంతంలో చేసే టిఫా స్కాన్‌లో కూడా కొన్ని ముందే బయటపడుతున్నాయి. వేరే లోపాలు లేకపోతే గర్భం గురించి భయపడాల్సిన సంగతి కాదది, కట్ల కోసం సిద్ధం కావడానికి దొరికిన సమయం. గుర్తించడం, గాటు పెట్టడం లెక్క పెట్టడం సులువు. మూడో ఏట రాత్రిళ్లు బూట్లు తొడుగుతున్నారా అన్నది ఎవరైనా అడిగితేనే తెలుస్తుంది. ఆఫ్రికాలో ఉగాండా ఈ దారిలో ముందు నడిచింది. వైద్యులు చాలని దేశం కాబట్టి కట్లు వేయడం శిక్షణ పొందిన ఆరోగ్య సిబ్బందికి నేర్పారు. తోలు, ఇనుముతో అక్కడి కార్ఖానాల్లోనే చేసుకోగల స్టీన్‌బీక్ బూట్లు వాడారు.

మన దగ్గర చికిత్స కార్డు మీద పుట్టింటి చిరునామా ఒక్కటే ఉంటే చాలదు. పక్కన అత్తవారింటి ఫోను నంబరు కూడా ఉంటే, మూడో నెల ప్రయాణానికి ముందే ఆ ఇంటివాళ్లను ఒకసారి పిలిచి బూట్లు తొడగడం నేర్పితే, నాయనమ్మ ప్రశ్నకు జవాబు నాయనమ్మే చెప్పగలుగుతుంది. ఇంకో చిన్న సంగతి కొలత. పసిపాదం త్వరగా పెరుగుతుంది, కొన్ని నెలలకే బూటు బిగుతై వేళ్లు ఒరుసుకుంటాయి. తర్వాతి కొలత బూట్లు ఆసుపత్రి అల్మరాలో లేకపోతే ‘వచ్చే నెల రండి’ అంటారు. ఆ నెల రోజులూ పాదం రాత్రిళ్లు ఖాళీగా ఉంటుంది.